ద్రాస్, కార్గిల్ యుద్ధభూములు ఒక్క రోజులో చూడడం ఎలా

శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే ప్యాకేజీ టూర్లలో, ద్రాస్ దగ్గరున్న 1999 కార్గిల్ యుద్ధ స్మారకానికి దక్కేది ఒక్కోసారి నలభై నిమిషాలే. బండి ఆగుతుంది. జెండా ముందు ఒక ఫొటో, గోడ ముందు ఒక ఫొటో, ఓ టీ, ఈలోగా డ్రైవర్ హారన్. మా మొదటి ట్రిప్ అచ్చం ఇలాగే అయింది. ఇంటికొచ్చాక నాన్న ఫొటోలు చూస్తూ "ఇందులో టోలోలింగ్ కొండ ఏదిరా?" అని అడిగారు. చెప్పలేకపోయాను. తర్వాత తెలిసింది, ఆ ఫొటోల్లో సగం దాని ముందు నిలబడి తీయించుకున్నవేనని.

రెండోసారి నాన్నని వెంటబెట్టుకుని వెళ్లాను. ఒక రోజు పూర్తిగా దీనికే పెట్టాం. చూసే వరస కూడా మార్చాం: ముందు రోడ్డు, తర్వాత కొండ, ఆ తర్వాతే పేర్లు. ఈ వరసలో చూస్తే గోడ మీద చెక్కిన పేరు ఏ వాలు మీద పడిపోయిన మనిషిదో మీకు తెలుస్తుంది.

బయల్దేరే ముందు

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఎప్పుడైనా వెళ్లొచ్చు. జులై 26 కార్గిల్ విజయ్ దివస్. ఆ తేదీకి అటూ ఇటూ రెండు మూడు రోజులు ప్రముఖులు, సెక్యూరిటీ, అమర వీరుల కుటుంబాలు వస్తాయి. ఆ వాతావరణం చూడాలనుకుంటే అప్పుడే వెళ్లండి. తీరిగ్గా నిలబడి కొండలు చూడాలంటే మాత్రం ఆ వారం వదిలేయండి.

మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేస్తుందని నమ్ముకోవద్దు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అది కూడా దారంతా అందదు కాబట్టి మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. నగదు శ్రీనగర్‌లోనే తీసి పెట్టుకోండి. ఇంట్లో అందరి ఆధార్ కార్డులు ఒరిజినల్స్ ఒకే కవర్లో, చేతికి అందేలా ఉంచండి. చెక్‌పోస్టు దగ్గర సూట్‌కేసులు దింపి వెతుక్కోవడం కంటే విసుగైన పని లేదు.

రాత్రి బస గురించి నా సలహా ఒకటే: ద్రాస్‌లో ఉండండి. టూర్ల వాళ్లు చాలామంది కార్గిల్ దాకా తీసుకుపోయి పడుకోబెడతారు. అలా అయితే స్మారకం చూడ్డానికి మళ్లీ వెనక్కి దాదాపు అరవై కిలోమీటర్లు రావాలి, లేదా వచ్చేటప్పుడే సాయంత్రం పూట హడావుడిగా చూసేయాలి. ద్రాస్‌లో చిన్న హోటళ్లు, హోమ్‌స్టేలు ఉన్నాయి. పెద్ద సౌకర్యాలు ఆశించకండి. వేడినీళ్లు, మందపాటి దుప్పటి దొరికితే చాలనుకోండి. "ప్రపంచంలో జనం నివసించే రెండో అతి చల్లని ఊరు" అని అక్కడ బోర్డే ఉంటుంది. ఆ రెండో స్థానం సంగతి ఎలా ఉన్నా, జులైలో కూడా తెల్లవారుజామున స్వెట్టర్ లేకుండా బయట నిలబడలేరు.

ద్రాస్ ఎత్తు దాదాపు 3,280 మీటర్లు. శ్రీనగర్ 1,600 మీటర్ల లోపే. అంటే ఒక్క పగట్లో అంత ఎత్తుకి వెళ్తున్నారు. కొంచెం తలనొప్పి, ఆకలి మందగించడం మామూలే. ఆ రోజు పరుగులు పెట్టకండి, నీళ్లు బాగా తాగండి, మద్యం ముట్టుకోకండి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్న పెద్దవాళ్లని బయల్దేరే ముందే డాక్టర్‌కి చూపించండి. అక్కడికి వెళ్లాక ఆయాసం తగ్గకపోయినా, మాట తడబడినా, అడుగులు తూలినా టూర్ ఆపేసి వెంటనే కిందికి దిగాల్సిందే, పొద్దున దాకా చూద్దామని ఆగొద్దు.

ముందు రోజు మధ్యాహ్నం: జోజిలా

సోనమర్గ్ దాటాక జోజిలా కనుమ వస్తుంది, 3,528 మీటర్లు. బండ్లని ఏ దిశలో ఎప్పుడు వదులుతారో ట్రాఫిక్ పోలీసులు టైమింగ్స్ ఇస్తుంటారు, ముందు రోజు రాత్రే కనుక్కోండి. ఇక్కడ అందరూ మంచులో ఆడుకోవడానికి ఆగుతారు. మీరూ ఆగండి, తప్పేం లేదు. కానీ పిల్లలకి ఒక కథ చెప్పి ముందుకు కదలండి.

1948లో, కాశ్మీర్ కోసం పాకిస్తాన్‌తో జరిగిన మొదటి యుద్ధంలో, ఈ కనుమ శత్రువు చేతిలో ఉంది. కాలిబలగంతో చేసిన దాడులు ఫలించలేదు. మేజర్ జనరల్ తిమ్మయ్య ట్యాంకులు తెప్పించారు. 7వ లైట్ కావల్రీ అనే ట్యాంకు దళం వాళ్ల స్టూవర్ట్ ట్యాంకులకి పైన ఫిరంగి ఉండే టరెట్లు ఊడదీసి, గుట్టుగా కనుమ కింద ఉన్న బాల్తాల్ దాకా చేర్చి, అక్కడ మళ్లీ బిగించారు. నవంబర్ 1న ఆ ట్యాంకులు ఈ దారెంట పైకెక్కాయి. ఇంత ఎత్తుకి ట్యాంకు వస్తుందని అవతలి వాళ్లు ఊహించలేదు. ఆ నెల్లోనే ద్రాస్, కార్గిల్ రెండూ తిరిగి చేతికొచ్చాయి. మీ కారు ఫస్ట్ గేర్‌లో మూలుగుతూ మలుపు తిరుగుతున్నప్పుడు ఈ కథ చెప్తే వెనక సీట్లో ఫోన్లు కాసేపు కింద పెడతారు.

పొద్దున్న ఏడింటికి: రోడ్డు మీద నిలబడండి

టిఫిన్ చేసి, స్మారకానికి వెళ్లకుండా ముందు ద్రాస్ బజారు దాటి రోడ్డు పక్కన ఖాళీగా ఉన్న చోట ఆగండి. మధ్యాహ్నానికి గాలి, మబ్బు ఎక్కువవుతాయి. పొద్దున శిఖరాలు స్పష్టంగా ఉంటాయి.

ముందు కాళ్ల కింద చూడండి. ఇది శ్రీనగర్–లేహ్ జాతీయ రహదారి. లేహ్‌కి, అక్కడి నుంచి సియాచిన్‌కి వెళ్లే సరుకులకి ఇది ప్రధానమైన దారి. చలికాలమంతా మంచు కింద మూసుకుపోయేది కాబట్టి, ఏడాదికి సరిపడా బియ్యం, కిరోసిన్, మందుగుండు అంతా వేసవి నెలల్లోనే లారీల్లో పైకి చేరాలి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా యుద్ధమంతా అర్థమవుతుంది.

ఇప్పుడు తల ఎత్తి ఉత్తరం వైపు చూడండి. రోడ్డు మీదకి వంగినట్టుండే ఆ బోడి కొండల వరస టోలోలింగ్. చెట్టు లేదు, పొద లేదు, అంతా రాయి, జారే కంకర. 1999 చలికాలంలో మంచు వల్ల ఖాళీ చేసిన పోస్టుల్లోకి, నియంత్రణ రేఖ దాటి పాకిస్తాన్ నార్తర్న్ లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్లు వచ్చి కూర్చున్నారు. అక్కడ కూర్చున్నవాడికి మీరు నిలబడ్డ రోడ్డు అరచేతిలో గీతలా కనబడుతుంది. బైనాక్యులర్, వైర్‌లెస్ సెట్ ఉంటే చాలు, ఏ లారీ ఎక్కడుందో చెప్పి గుండ్లు వేయించొచ్చు.

ఎత్తు లెక్క కూడా ఇక్కడే వేసుకోండి. టోలోలింగ్ మీద ముఖ్యమైన చోటుని పాయింట్ 4590 అంటారు. ఆ అంకె పేరు కాదు, మీటర్లలో దాని ఎత్తు. ద్రాస్ నుంచి 1,300 మీటర్లు పైకి. అలిపిరి నుంచి తిరుమల కొండకి నడిచి ఎక్కినవాళ్లకి చెప్పాలంటే, ఆ 3,550 మెట్ల ఎత్తుకి దాదాపు రెట్టింపు. మెట్లు లేవు, గాలి పలచన, వీపున బరువు, పైనుంచి మెషిన్ గన్. పగలు కదిలితే కనబడిపోతారు కాబట్టి రాత్రిపూట ఎక్కాలి. దాక్కోవడానికి బండరాళ్లు తప్ప ఏమీ లేవు. పైవాళ్లు మాత్రం రాళ్లు పేర్చిన గోడల వెనక ఉన్నారు, వాటిని సైనికులు సంగర్లు అంటారు.

మే నెలలో 18 గ్రెనేడియర్స్ అనే పటాలం మొదలుపెట్టిన ఈ ఎక్కుడు మూడు వారాల పైన సాగింది. జూన్ 13 తెల్లవారేసరికి 2 రాజ్‌పుతానా రైఫిల్స్ అనే మరో పటాలం పైకి చేరింది. యుద్ధం మలుపు తిరిగింది అక్కడే అంటారు. నాన్న ఆ వాలుని చాలాసేపు చూసి "దారి ఎక్కడుంది?" అన్నారు. దారి లేదు నాన్నా అన్నాను. ఆ తర్వాత పది నిమిషాలు ఆయన ఏమీ మాట్లాడలేదు.

అక్కడి నుంచి ఎడమకి, పడమర వైపు చూస్తే మిగతావాటి మధ్య కోసుగా నిలిచే శిఖరం టైగర్ హిల్, 5,062 మీటర్లు. జులై 4న దాన్ని పట్టిన దాడిలో పరమవీర చక్ర అందుకున్న యోగేంద్ర సింగ్ యాదవ్‌కి అప్పుడు పంతొమ్మిదేళ్లు. మీతో డిగ్రీ చదివే పిల్లలుంటే ఈ వయసు చెప్పండి.

టైమ్ ఉంటే ముష్కో లోయ వైపు కొంతదూరం వెళ్లి రావచ్చు. కెప్టెన్ విక్రమ్ బత్రా ప్రాణాలు వదిలిన పాయింట్ 4875 అటువైపే. ఏ దాకా పోనిస్తారో స్థానిక డ్రైవర్‌కి తెలుస్తుంది, ఆపిన చోట వాదించకుండా వెనక్కి తిరగండి. ఇలాంటి చోట్లకి పర్యాటకులని అనుమతించడానికి సైన్యం 2025 జనవరిలో భారత్ రణభూమి దర్శన్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. కొండల దగ్గరికి వెళ్లాలనుకునేవాళ్లు టికెట్లు బుక్ చేసే ముందే అందులో చూసుకోవడం మంచిది.

ఒక హెచ్చరిక. రోడ్డు, కాలిబాట వదిలి పొలాల్లోకి, రాళ్లగుట్టల్లోకి పోవద్దు. తుప్పు పట్టిన ఇనుప ముక్క కనబడితే గుర్తుగా ఇంటికి తెచ్చుకోవాలని అస్సలు ముట్టుకోవద్దు. పేలని గుండ్లు ఇప్పటికీ బయటపడే నేల అది.

తొమ్మిదిన్నర ప్రాంతంలో: స్మారకం

ద్రాస్ నుంచి కార్గిల్ వైపు ఐదారు కిలోమీటర్లు వెళ్తే రోడ్డు పక్కనే ఉంటుంది. టికెట్ లేదు, గుర్తింపు కార్డు చూపించాలి. నిర్వహణ అంతా సైన్యానిదే.

లోపలికి వెళ్లగానే గోడ దగ్గరికి పోకండి. ముందు జవాన్ చెప్పే కథ ఎక్కడ, ఎప్పుడు మొదలవుతుందో అడగండి. డ్యూటీలో ఉన్న జవాన్ సందర్శకులని కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న శిఖరాలు చేత్తో చూపిస్తూ యుద్ధం చెప్తారు. ఈ రోజు మొత్తానికి అసలైన గైడ్ ఆయనే. ఏ టూర్ కంపెనీ గైడ్ కూడా అలా చెప్పలేడు. చెప్పేది హిందీలో. మా నాన్నకి హిందీ అంతంతమాత్రం, కాబట్టి పక్కన కూర్చుని చెవిలో తెలుగులో చెప్తూ వచ్చాను. మీ పెద్దవాళ్లకీ అదే అవసరమైతే చివరి వరసలో కూర్చోండి, గుసగుసలు మిగతావాళ్లకి ఇబ్బంది కాకుండా ఉంటుంది. పొద్దున్నే రోడ్డు మీద నిలబడి కొండలు గుర్తుపట్టారు కాబట్టి, ఆయన చెయ్యి ఎటు తిరిగినా ఏ కొండ గురించో మీకు ముందే తెలుస్తుంది. అయిపోయాక ప్రశ్నలు అడగండి. మా నాన్న అడిగింది ఒకటే: పైన ఉన్నవాళ్లకి అన్నం ఎలా వెళ్లేది? ఆ జవాన్ మొహం వెలిగిపోయింది. అన్నం, నీళ్లు, మందుగుండు అన్నీ మనుషుల వీపుల మీదే వెళ్లేవని, ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూలీలుగా మోశారని, పైకి ఒక పూట తిండి కంటే ఒక పెట్టె తూటాలు మోసుకెళ్లడానికే సైనికులు ఇష్టపడేవారని చెప్పాడు.

తర్వాత గ్యాలరీ. దీనికి కెప్టెన్ మనోజ్ పాండే పేరు పెట్టారు. ఆయన పోరాడింది ద్రాస్‌లో కాదు, కార్గిల్‌కి అవతల ఉన్న బటాలిక్ వైపు ఖాలూబార్‌లో. జులై 3న, ఇరవై నాలుగేళ్లకే. లోపల కొండల నమూనా దగ్గర ఆగి, పొద్దున చూసిన రోడ్డుని అందులో వెతకండి. పట్టుబడిన ఆయుధాలు, ఫొటోలు తర్వాత చూడొచ్చు. బయట మిగ్-21 విమానం, ఫిరంగులు ఉన్నాయి. బోఫోర్స్ ఫిరంగి గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు. దూరంగా గుండు వేసే ఆ ఫిరంగులని ఇక్కడ ఎదురుగా కనబడే శిఖరాల మీదకి నేరుగా గురిపెట్టి కూడా కాల్చారని చెప్పండి. పలచని గాలిలో గుండు మైదానంలో కంటే ఎక్కువ దూరం పోతుంది, అందుకే గురి లెక్కలన్నీ కొత్తగా వేసుకోవాల్సి వచ్చింది. పాయింట్ 5140కి 2022లో గన్ హిల్ అని పేరు పెట్టింది ఈ ఫిరంగి దళాల గౌరవార్థమే.

ఇప్పుడు గోడ. గులాబీ రంగు ఇసుకరాయి, దాని మీద ఇత్తడి పలకలో పేర్లు. ఈ యుద్ధంలో మన వైపు ప్రాణాలు పోయినవారు 527 మంది, గాయపడినవారు 1,363 మంది. అన్ని పేర్లూ చదవడం కుదరదు, ఊరికే కళ్లు తిప్పితే ఒక్కటీ గుర్తుండదు. అందుకని ముందే నాలుగైదు పేర్లు రాసుకుని వెళ్లి వెతకండి. తెలుగువాళ్లు వెతకాల్సిన పేరు మేజర్ పద్మపాణి ఆచార్య. కుటుంబం ఒడిశా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడింది. టోలోలింగ్ పట్టిన 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌లోనే కంపెనీ కమాండర్. జూన్ 28న లోన్ హిల్ మీద దాడిలో గాయాలు తగిలినా ఆగకుండా తన వాళ్లని ముందుకు నడిపి అక్కడే ఒరిగిపోయారు. ఆయన పుట్టినరోజు అయి అప్పటికి వారం. మహావీర చక్ర ఇచ్చారు. పేరు దొరక్కపోతే అక్కడున్న జవాన్‌ని అడగండి, విసుక్కోకుండా చూపిస్తారు. నాన్న కళ్లజోడు పైకి నెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని ఇంగ్లీషులో ఆ పేరు చదివారు. చదివి వెనక్కి తిరిగి కొండవైపు చూశారు. ఫొటో తీద్దామని ఫోన్ ఎత్తి, మళ్లీ జేబులో పెట్టేశాను.

పక్కనే వీర్‌భూమి, ఒక్కొక్కరి పేరుతో రాళ్లు నిలబెట్టి ఉంటాయి. ఇక్కడ సినిమా డైలాగులు అరవడం, గెంతుతూ రీల్స్ చేయడం చూశాను. మీ పిల్లలకి కారులోనే ముందు చెప్పి తీసుకెళ్లండి. పక్కన నిశ్శబ్దంగా నిలబడ్డ ముసలావిడ ఎవరి తల్లో మనకి తెలియదు.

మొత్తానికి ఇక్కడ రెండున్నర గంటలు పెట్టుకోండి.

కార్గిల్ దారి

పన్నెండు దాటాక బయల్దేరితే గంటన్నరలో కార్గిల్. ద్రాస్ నది మీ వెంటే వస్తుంది. దారిలో ఒకచోట మీరు శత్రువు కంటి ముందున్నారని హెచ్చరించే బోర్డు ఉంటుంది. బోర్డులన్నీ నవ్వు తెప్పించే ఆ రోడ్డు మీద ఇది ఒక్కటి మాత్రం జోక్ కాదు. సైనిక కాన్వాయ్‌లు, క్యాంపులు, వంతెనలు ఫొటో తీయొద్దు. డ్రోన్ తెచ్చి ఉంటే పెట్టెలోంచి తీయనే తీయకండి.

బటాలిక్ కూడా ఇదే రోజు చూపిస్తానని ఏ డ్రైవరైనా అంటే ఒప్పుకోవద్దు. గార్ఖోన్ గ్రామస్థుడు తాషీ నామ్‌గ్యాల్ 1999 మే మొదట్లో తప్పిపోయిన జడలబర్రెని వెతుకుతూ చొరబాటుదారులని చూసి సైన్యానికి చెప్పింది అటువైపే. అది చూడదగ్గ దారే, కానీ దానికి ఇంకో రోజు కావాలి.

సాయంత్రం నాలుగింటికి: హుందర్‌మాన్

కార్గిల్‌లో భోంచేసి, గంటసేపు నడుం వాల్చి, నియంత్రణ రేఖ పక్కనున్న హుందర్‌మాన్ ఊరికి స్థానిక టాక్సీ మాట్లాడుకోండి. పది కిలోమీటర్ల చిల్లర దూరం, అంతా ఘాట్ రోడ్డు. రాను పోను, అక్కడ ఆగే టైమ్ కలిపి రేటు ముందే తేల్చుకోండి.

ఎక్కుతుంటే కార్గిల్ పట్నం కింద బొమ్మలా కనబడుతుంది. ఈ పట్నం మీదకి చూసే ఎత్తుల్లో పాయింట్ 13620 ఒకటి. ఇది పాత మ్యాపుల నాటి పేరు, కాబట్టి ఇక్కడి అంకె అడుగుల్లో. దీన్ని 1965లో మనవాళ్లు రెండుసార్లు పట్టారు, రెండుసార్లూ తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. 1971లో మళ్లీ పట్టాక ఇక వదల్లేదు. పొద్దున టోలోలింగ్ చూసినవాళ్లకి, ఒకే కొండని మూడుసార్లు ఎక్కడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

వ్యూ పాయింట్ దగ్గర బైనాక్యులర్ అద్దెకి ఇస్తారు. నియంత్రణ రేఖ అవతలి పల్లె ఇళ్లు, పచ్చటి మడులు కనిపిస్తాయి. అక్కడి కుర్రాళ్లు ఏది ఎవరి పోస్టో వేలు పెట్టి చూపిస్తారు. వాళ్లు చెప్పేది వినండి, వాళ్లకి ఇది రోజూ చూసే పెరడు లాంటిది.

తర్వాత కిందికి దిగి పాత ఊరు. హుందర్‌మాన్ 1971 డిసెంబర్ దాకా పాకిస్తాన్ వైపు ఉండేది. యుద్ధంలో రేఖ జరిగింది, ఊరు ఇటు వచ్చింది, కొందరి అన్నదమ్ములు, పిల్లలు అటు ఉండిపోయారు. కొండకి అతుక్కుని రాయి, మట్టి, కట్టెలతో కట్టిన ఆ పాత ఇళ్లు ఇప్పుడు ఖాళీ. ఒక ఇంట్లో ఊరివాళ్లు చిన్న మ్యూజియం నడుపుతున్నారు. టార్చ్ తీసుకెళ్లండి, లోపల వెలుతురు తక్కువ. గుమ్మం పొట్టిది, వంగకపోతే నుదురు తగులుతుంది. నాన్నకి తగిలింది కూడా. లోపల వంటపాత్రలు, పాత పనిముట్లు, వదిలిపోయిన బట్టలు, అవతలి నుంచి బంధువులు రాసిన ఉత్తరాలు. చూపించే అతన్ని ఒక ఉత్తరం చదివి అర్థం చెప్పమని అడగండి. మాకు చెప్పిన దాంట్లో యుద్ధం ఊసే లేదు. ఫలానా పెళ్లయింది, ఫలానావాళ్లకి ఒంట్లో బాగోలేదు, ఇక్కడ అందరం క్షేమం, మీ క్షేమం రాయండి.

చీకటి పడకముందే దిగండి. మలుపుల్లో రోడ్డు ఇరుకు, ఎదురుగా బండి వస్తే వెనక్కి పోవాలి.